ట్రాక్టరుకు దారి చూపు ఉపగ్రహము: ఏ పనికి ఎంత ఖచ్చితము కావలెను?

2025 ఆగస్టు 27, 28 తేదీలలో కామారెడ్డి జిల్లాలో కురిసిన వానను ఈ ప్రాంతపు రైతు సోదరులు మరువజాలరు. రాజంపేట మండలము ఆర్గొండలో 40 సెంటీమీటర్లకు మించి వాన పడినది. నూరేండ్లు దాటిన పోచారం ఆనకట్ట మీదుగా నీరు పొర్లినది. ఎల్లారెడ్డి, నాగిరెడ్డిపేట, లింగంపేట వైపు వాగుల వెంట ఉన్న పొలములలో ఇసుక మేటలు వేసినది. కొన్నిచోట్ల ఒడ్లు ఆనవాలు లేకుండ కొట్టుకొనిపోయినవి. ఇసుక తీయించుట, మడులు సరిచేయించుట, ఒడ్లు మరల వేయించుట అను పనులన్నియు ట్రాక్టరుతోనే సాగవలెను. ఆ ట్రాక్టరు మీద ఇప్పుడొక క్రొత్త పరికరము వచ్చి కూర్చున్నది. డ్రైవరు ఎదుట చిన్న తెర, కప్పు మీద పుట్టగొడుగు వంటి యాంటెన్నా. అది ఉపగ్రహములను చూచి ట్రాక్టరుకు దారి చెప్పును. ఖరీదైన వానిలో స్టీరింగును కూడ తానే త్రిప్పును.

"రెండున్నర సెంటీమీటర్లు కూడ తప్పదు" అని అమ్మువారు చెప్పుదురు. రెండున్నర సెంటీమీటర్లనగా ఒక అంగుళము. ఆ మాట నిజము కావచ్చును, కాకపోవచ్చును. ఏ పద్ధతిలో, ఎంతసేపటికి, దేనితో పోల్చి ఆ అంగుళమును కొలిచినారో తెలియనిదే ఆ అంకెకు అర్థము లేదు. స్టీరింగు త్రిప్పు పరికరముల వెల లక్షలలో ఉన్నది. కొనువారు, కిరాయికి పిలుచువారు, పొలముల కొలతలు చూచు గ్రామ పాలనాధికారులు ఈ లెక్కను ముందుగా గ్రహించిన మంచిది.

ఉపగ్రహము ఏమి చెప్పును?

అమెరికా వారి జి.పి.ఎస్. ఉపగ్రహములు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. ఇవిగాక రష్యా వారి గ్లోనాస్, ఐరోపా వారి గెలీలియో, చైనా వారి బైడౌ, మన నావిక్ కలవు. ఒక్కొక్క ఉపగ్రహము తన గడియారపు వేళను రేడియో తరంగము మీద పంపును. ఆ తరంగము మన రిసీవరు చేరుటకు పట్టిన కాలమును బట్టి దూరము తెలియును. నాలుగు ఉపగ్రహముల దూరములు తెలిసిన, మనమున్న చోటు తేలును. 2000 సంవత్సరము మే మొదటి తేదీ వరకు అమెరికా ప్రభుత్వము జి.పి.ఎస్. సంకేతములో బుద్ధిపూర్వకముగ కొంత తప్పు కలిపి పంపెడిది. దానివలన వంద మీటర్ల వరకు తేడా వచ్చెడిది. అది మానివేసిన పిదపనే సామాన్యులకు ఇది పనికివచ్చు వస్తువైనది.

తప్పులు ఇంకను మిగిలియున్నవి. ఉపగ్రహపు గడియారములో స్వల్పభేదము, కక్ష్యలో స్వల్పభేదము ఉండును. అన్నిటికంటె మిక్కుటముగ, ఆకాశమున పై పొరలో విద్యుత్తు నిండిన గాలి తరంగమును ఆలస్యము చేయును. ఈ తప్పులను ఎట్లు సవరించుచున్నారు అనుదానిని బట్టియే పరికరములకు తరగతులు ఏర్పడినవి.

ఏ సవరణయు లేనిది మీ చేతిలోని ఫోను. బయలు ప్రదేశములో 3 నుండి 5 మీటర్లు తేడా చూపును. మామిడిచెట్ల క్రింద ఇంకను ఎక్కువ.

రెండవది గగన్. మన విమానాశ్రయముల సంస్థయు ఇస్రోయు కలసి విమానములు దిగుటకై దీనిని ఏర్పరచినవి. 2013 డిసెంబరులో మొదటి ధృవీకరణ, 2015 ఏప్రిల్ లో పై తరగతి ధృవీకరణ పొందినది. దేశములో 15 చోట్ల నిలిపిన స్టేషన్లు తప్పును కొలిచి, సవరణను ఉపగ్రహము ద్వారా అందరికి ఉచితముగ పంపును. మంచి వ్యవసాయ రిసీవరుతో ఒక సాలు నుండి ప్రక్క సాలుకు 15 నుండి 30 సెంటీమీటర్లలో పని జరుగును. విదేశములలో తయారైన రిసీవరును కొన్నవారు ఒక సంగతి చూచుకొనవలెను. అది గగన్ ఉపగ్రహములను, అనగా 127, 128, 132 అను సంఖ్యలు గలవానిని, వినుచున్నదో లేదో సెట్టింగులలో పరీక్షింపవలెను. లేనిచో సవరణ లేకయే నడచును, తెరమీద మాత్రము గీత చక్కగానే కనబడును.

మూడవది చందా సవరణ. ఒక కంపెనీ ప్రపంచమంతటి స్టేషన్లనుండి లెక్క కట్టి ఉపగ్రహము ద్వారా సవరణను పంపును. ఏటేట చందా కట్టవలెను. తరగతిని బట్టి 3 నుండి 15 సెంటీమీటర్లు. కాని యంత్రము పెట్టగానే ఆ ఖచ్చితము రాదు. కుదురుకొనుటకు పది నిమిషముల నుండి అరగంట పట్టవచ్చును. మధ్యలో కరెంటు తీగ వదులై రిసీవరు ఆగినచో మరల వేచియుండవలెను.

నాలుగవది ఆర్.టి.కె. అను పద్ధతి. ఇందులో తెలిసిన చోట కదలకుండ ఒక బేసు స్టేషను నిలుపుదురు. అది తనకు కనబడిన తప్పును క్షణక్షణము ట్రాక్టరుకు రేడియో ద్వారానో, మొబైలు ఇంటర్నెట్టు ద్వారానో చెప్పుచుండును. ఈ పద్ధతిలో రిసీవరు సంకేతపు అంకెలనే గాక తరంగమును కూడ లెక్కించును. జి.పి.ఎస్. మొదటి తరంగము పొడవు 19 సెంటీమీటర్లు మాత్రమే. అడుగులు వేసి దూరము కొలుచుటకును, టేపుతో కొలుచుటకును ఉన్న భేదము వంటిదే ఇది. అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయము వారు 1990 ప్రాంతముల నుండి చేసిన కృషి ఫలితముగ, 1996 నాటికే ఇటువంటి పద్ధతితో పెద్ద ట్రాక్టరును అంగుళము తేడాలో మనిషి చేయి పెట్టకుండ నడిపి చూపినారు. అమ్మువారు చెప్పు రెండున్నర సెంటీమీటర్లు ఈ నాలుగవ తరగతికే చెల్లును.

దానికిని షరతులు కలవు. బేసు నుండి ఒక కిలోమీటరు దూరమునకు సుమారు ఒక మిల్లీమీటరు తప్పు పెరుగును. కామారెడ్డి నుండి ఎల్లారెడ్డికి గాలిదూరము దాదాపు 35 కిలోమీటర్లు. కామారెడ్డిలో బేసు పెట్టి ఎల్లారెడ్డి పొలములో దున్నినచో మూడున్నర సెంటీమీటర్ల తప్పు అదనముగ చేరును. అసలు లెక్క కుదరకపోవుటయు కలదు. రేడియో అయినచో నడుమనున్న గుట్టలు, అడవి దానిని అంత దూరము పోనీయవు. పది కిలోమీటర్ల లోపున బేసు ఉన్నప్పుడే అంగుళము మాట నమ్మదగినది. సర్వే ఆఫ్ ఇండియా వారు దేశమంతట వెయ్యికి పైగా ఇట్టి శాశ్వత స్టేషన్లు నిలిపియున్నారు. ఆంధ్రప్రదేశములో 2020 డిసెంబరున ఆరంభించిన భూముల రీసర్వేకు కూడ ఇటువంటి స్టేషన్లనే వాడినారు. ఇంటర్నెట్టు ద్వారా సవరణ తీసికొను రిసీవరు కొనదలచినవారు మీ పొలము మీదికి ఫోను సిగ్నలు నిలకడగ వచ్చుచున్నదో లేదో మొదట చూచుకొనుడు.

రెండు విధముల కొలతలు

కొనువారిలో పలువురు పొరబడుట ఇక్కడనే. ఖచ్చితమనునది ఒకటి కాదు, రెండు.

ఒక సాలు పోయి, మళ్ళి, ప్రక్క సాలు వచ్చునప్పటికి కొద్ది నిమిషములే గడచును. ఆ కొద్ది కాలములో ఆకాశములోని తప్పు పెద్దగ మారదు. రిసీవరు చూపు స్థానము అసలు స్థానమునకు ఒక మీటరు తూర్పునకు జరిగియున్నను, రెండు సాళ్ళును అదే మీటరు జరిగియుండును గనుక వాని నడుమ ఎడము సరిగనే వచ్చును. దీనిని సాలుకు సాలు ఖచ్చితమనుకొందము. అంతర్జాతీయ ప్రమాణము ఐ.ఎస్.ఓ. 12188 కూడ దీనిని 15 నిమిషముల లోపల కొలువవలెనని చెప్పుచున్నది. కరపత్రములలో ముద్రించునది తరచుగ ఈ అంకెయే.

అన్నము తిని గంట తరువాత వచ్చినచో, లేక నెల తరువాత కలుపు తీయవచ్చినచో, ఆ గీత ఎక్కడికి జరిగియుండును? ఇది రెండవ కొలత, తిరిగివచ్చు ఖచ్చితము. గగన్ రిసీవరుకు మొదటి కొలత 20 సెంటీమీటర్లున్నను, రెండవది మీటరు దాకా పోవచ్చును. చందా సవరణకు తరగతిని బట్టి ఉండును. ఆర్.టి.కె.కు మాత్రమే రెండును ఒక్కటే, అదియు బేసును అంగుళమైనను కదపకుండ అదే చోట నిలిపినప్పుడే. బేసును ప్రతి దినము ఇంటికి తెచ్చి, మరునాడు "ఇంచుమించు అక్కడే" పెట్టువారికి ఈ లాభము దక్కదు.

ఇంకొక చిక్కు. 2.5 సెంటీమీటర్లనునది నూటికి ఎన్నిమార్లు? నూటికి 68 మార్లు అని లెక్కించినచో, నూటికి 95 మార్లు నిలుచు అంకె దాదాపు 5 సెంటీమీటర్లగును. అమ్మువారిని ఈ ప్రశ్న అడిగి జవాబును కాగితము మీద తీసికొనుడు.

మన పనులకు ఏది చాలును?

కామారెడ్డి, ఎల్లారెడ్డి చెలకలలో ఎకరము, రెండెకరముల ముక్కలే హెచ్చు. ఏడడుగుల కల్టివేటరుతో చతురస్రమైన ఎకరము దున్నుటకు 30 సాళ్ళు పట్టును. డ్రైవరు కంటి అంచనాతో ప్రతిసారి అరడుగు మీదికి మీదుగ దున్నినచో రెండు మూడు సాళ్ళు అదనమగును. ఇంత చిన్న చెక్కలో అసలు నష్టము ఒడ్ల దగ్గర మళ్ళుటలోనే ఉన్నది, సాళ్ళ అతుకులో కాదు. కనుక దుక్కి కొరకు మాత్రమే లక్షలు పెట్టుట నా అభిప్రాయములో దండుగ. మద్నూరు, జుక్కల్ వైపు రేగడి భూములలో పొడవైన చేలున్నవారు, కిరాయికి ఏటేట వందల ఎకరములు చేయువారు వేరుగ లెక్క వేసికొనవచ్చును.

సోయాచిక్కుడును 45 సెంటీమీటర్ల ఎడముతో విత్తుదుము. విత్తు గొర్రు ఒక సాలు ముగించి ప్రక్కకు వచ్చినప్పుడు అతుకు వరుస కూడ 45 రావలెను. గగన్ రిసీవరు 20 సెంటీమీటర్లు తప్పినచో ఆ ఎడము 25 కాని, 65 కాని అగును. తరువాత దంతె తోలునప్పుడు ఆ వరుస తెగును. దీనికంటె గొర్రుకు కట్టు మార్కరు కర్ర, అనగా రాబోవు సాలుకు నేలమీద గీత గీయునది, చాల మేలు. ఒడుపు తెలిసిన డ్రైవరు దానితో రెండంగుళములలో నడపగలడు, ఖర్చు కొద్దిపాటి ఇనుము మాత్రమే. మక్కజొన్నకును, పత్తికిని ఇదే మాట వర్తించును.

కలుపు తీయుట ఇంకను సూక్ష్మమైన పని. 45 ఎడములో 30 సెంటీమీటర్ల పలుగు నడచినచో మొక్కకు రెండు ప్రక్కల ఏడున్నర సెంటీమీటర్లే మిగులును. ఇక్కడ ఆర్.టి.కె. తప్ప వేరేది పనికిరాదు. అదియు విత్తిననాడు అదే పరికరముతో, అదే గీత మీద విత్తి, ఆ గీతను దాచుకొన్నప్పుడే. మార్కరుతోనో, ఎడ్ల గొర్రుతోనో విత్తిన చేనిలో ఉపగ్రహపు తిన్నని గీత పట్టుకొని పోయినచో వంకరగ మొలచిన మొక్కలన్నియు పలుగు క్రిందికి వచ్చును. మనిషి కన్ను మొక్కను చూచును, ఉపగ్రహము చూడదు.

మరి ఉపగ్రహము ఎక్కడ మేలు? కంటికి గుర్తు కనబడని చోట. నీరు నిండిన మడిలో కేజివీల్సుతో దమ్ము చేయునప్పుడు ఎక్కడ త్రొక్కినది, ఎక్కడ వదలినది తెలియదు. ఎరువు వెదజల్లునప్పుడు, బూము స్ప్రేయరుతో మందు కొట్టునప్పుడు ముందటి సాలు అంచు కానరాదు. 12 మీటర్ల బూముతో ఒక్క మీటరు మీదికి మీదుగ కొట్టినచో నూటికి 8 పాళ్ళకు పైగా మందు వృథా, పైరుకు రెట్టింపు మోతాదు. ఇట్టి పనికి అడుగు తప్పినను చింత లేదు. గగన్ తో దారి మాత్రము చూపు చౌక పరికరమే చాలును. స్టీరింగు త్రిప్పునది అక్కరలేదు.

మడిని చదును చేయుట వేరు. ఉపగ్రహము ఎత్తును చెప్పుటలో అడ్డము చెప్పుటకంటె ఒకటిన్నర, రెండు రెట్లు ఎక్కువ తప్పును. వరి నాటిన క్రొత్తలో మనము నిలుపు నీరు రెండు మూడు సెంటీమీటర్లు. ఎత్తులో అంతే తప్పు పరికరము చేసినచో ఒక మూల ఎండి, ఒక మూల మునుగును. ఇసుక మేట తీసిన మడులను, నిజాంసాగరు క్రింది మడులను చదును చేయించువారు లేజరు లెవెలరునే పిలుచుట మంచిది. దాని కిరణము ఒక పొలము మేరకు సెంటీమీటరులోపున నిలుచును.

యంత్రము లోపలి తప్పులు

ఆకాశమును నిందించుటకు ముందు ట్రాక్టరును చూడవలెను. యాంటెన్నా నేలకు సుమారు రెండున్నర మీటర్ల ఎత్తున ఉండును. ప్రక్కకు వాలిన నేలలో ట్రాక్టరు 5 డిగ్రీలు ఒరిగినచో యాంటెన్నా 22 సెంటీమీటర్లు ప్రక్కకు జరుగును. రెక్క నాగలితో దున్నునప్పుడు ఒక చక్రము సాలులో దిగియుండును గనుక నిత్యము ఇంత తప్పు వచ్చును. వాలును సరిదిద్దు భాగము పరికరములో ఉన్నదా యని అడుగవలెను. లేనిచో ఎల్లారెడ్డి ప్రాంతపు ఏటవాలు చెలకలలో ఆర్.టి.కె. కూడ గగన్ తో సమానమే.

వెనుక లింకుల గొలుసులు వదులుగ ఉండి పనిముట్టు ఇటు అటు రెండంగుళములు ఊగుచుండగ, పైన అంగుళపు ఖచ్చితము కొనుట కుండకు చిల్లి ఉండగ మూత బిగించుట వంటిది. గొలుసులు బిగించుటకు పావుగంట పట్టును.

ఆకాశపు చిక్కు

పరికరములతో వచ్చు అంకెలలో పెక్కు అమెరికా, ఐరోపా దేశముల పొలములలో కొలచినవి. ఆ దేశములు భూమధ్యరేఖకు దూరముగ ఉన్నవి. మనము 18 డిగ్రీల అక్షాంశమున ఉన్నాము. ఆకాశపు విద్యుత్పొర మన వంటి ప్రదేశముల మీద దట్టముగ ఉండును. ప్రొద్దు గ్రుంకిన తరువాత కొన్ని గంటలు కలత చెంది, నక్షత్రము మిణుకుమన్నట్లు తరంగమును మిణుకుమనిపించును. మార్చి, ఏప్రిల్, సెప్టెంబరు, అక్టోబరు నెలలలో ఇది హెచ్చు. సూర్యునిపై మచ్చలు పెరిగిన సంవత్సరములలో మరింత హెచ్చు. అప్పుడు ఆర్.టి.కె. కుదురు తప్పి, అంగుళమునుండి ఒక్కసారిగ అడుగులకు పోవును. యాసంగి కోతల వేళ రాత్రిపూట పని చేయించువారు దీనిని గమనింపవలెను. రెండు, మూడు తరంగములను వినగల రిసీవరు ఈ చిక్కును కొంత తట్టుకొనును. ఒకే తరంగము వినునది తట్టుకొనలేదు.

సూర్యుని తుఫాను వచ్చిన ఎంతటివారికైనను ఇదే గతి. 2024 మే 10న వచ్చిన తుఫానుకు అమెరికా మధ్య రాష్ట్రములలో మక్కజొన్న విత్తుచున్న ట్రాక్టర్లు దారి తప్పగా, చాలమంది రైతులు పని ఆపుకొనవలసివచ్చినది.

మన నావిక్ సంగతి కూడ చెప్పవలెను. కొన్ని ఉపగ్రహములలో పరమాణు గడియారములు చెడినవి. 2023 మే నెలలో పంపిన ఎన్.వి.ఎస్.-01 పని ప్రారంభించినది గాని, 2025 జనవరిలో పంపిన ఎన్.వి.ఎస్.-02 అనుకొన్న కక్ష్యకు చేరలేదు. కావున నావిక్ ఒక్కదాని మీదనే ఆధారపడు రిసీవరును ట్రాక్టరుకు కొనరాదు. ఇతర ఉపగ్రహములతో కలిపి వినునది కొనవచ్చును.

ఎకరము లెక్క, ఒడ్డు లెక్క

కిరాయి తగవులు ఫోనుతో కొలిచిన ఎకరముల మీద వచ్చుచున్నవి. చతురస్రమైన ఎకరము భుజము 63.6 మీటర్లు, చుట్టుకొలత 254 మీటర్లు. కొలత నలువైపుల అరమీటరు వెలుపలికి పోయినచో 127 చదరపు మీటర్లు, అనగా గుంటంబావు పెరుగును. ఒక్క మూల మాత్రమే 3 మీటర్లు వెలుపలికి పోయినను గుంటకు పైగానే తేడా. పదెకరముల చేనులో నలువైపుల మీటరు తప్పినను నూటికి రెండు పాళ్ళే. ముక్క చిన్నదైనకొలది ఫోను తప్పు పెద్దదగును. ఎకరము లోపు చెక్కలను టేపుతో కొలుచుట ఉత్తమము. ఫోనుతోనే కొలువవలసివచ్చినచో ఆగకుండ ఒకేమారు చుట్టివచ్చుడు. అప్పుడు తప్పు అన్ని మూలలకు ఇంచుమించు ఒకే దిశలో పడి వైశాల్యము చెడదు.

ఒడ్డు పోయినచోట ట్రాక్టరు తెర చూపు గీతను హద్దుగ తీసికొనరాదు. అది నిరుడు ట్రాక్టరు నడచిన గీత, పట్టా హద్దు కాదు. నిరుడు గగన్ తో నడచినచో ఆ గీతయే మీటరు జరిగియుండవచ్చును. మీటరు వెడల్పు, 64 మీటర్ల పొడవు అనగా అరగుంటకు మించిన నేల, అన్నదమ్ముల నడుమ తగవుకు అది చాలును. గ్రామ పాలనాధికారులు ఇట్టి తగవులలో మండల సర్వేయరు కొలతనే కోరవలెను. తాత్కాలికముగ వేసిన ఒడ్డు మాత్రమే అని ఇరువురి ఎదుట వ్రాసి పెట్టుట అవసరము.

మేకులు, టేపు పరీక్ష

పరికరము కొనుటకు ముందు మీ పొలములోనే చూపుమని అడుగుడు. చెట్లు లేని సమనేలలో వంద మీటర్ల గీతను పరికరములో పెట్టించుడు. డ్రాబారు మధ్య రంధ్రమునుండి గుండు కట్టిన త్రాడు వ్రేలాడదీసి, 20 మీటర్లకొకచోట ట్రాక్టరును ఆపి, గుండు చూపినచోట మేకు కొట్టుడు. వెంటనే అదే దిశలో, అదే గీత మీద మరల నడిపి మేకునుండి గుండు ఎంత ప్రక్కకు పోయినదో టేపుతో కొలువుడు. ఇది సాలుకు సాలు లెక్క. తరువాత ఎదురు దిశలో నడుపుడు. ఇప్పుడు తేడా హఠాత్తుగ పెరిగినచో, యాంటెన్నా ట్రాక్టరు నడుమ కాక ప్రక్కకు బిగించియున్నదని అర్థము. ఒకవైపు 5 సెంటీమీటర్లు జరిగిన యాంటెన్నా ఎదురుదిశలో 10 సెంటీమీటర్ల తేడా చూపును.

పిమ్మట రిసీవరును ఆర్పి, గంట ఆగి, మరల వెలిగించి అదే గీత మీద నడుపుడు. మరునాటి ఉదయము ఒకసారి, ప్రొద్దు గ్రుంకిన గంటకు ఒకసారి నడుపుడు. మేకులు మాత్రము పీకవద్దు. కొలతలన్నియు ఒక కాగితము మీద వరుసగ వ్రాసి, సగటును కాక అన్నిటికంటె పెద్ద అంకెను చూడుడు. సోయా వరుసను తెంపునది ఆ పెద్ద అంకెయే. రెండవనాడు పరికరమును ఉంచుటకు అమ్మువారు ఒప్పుకొననిచో, మొదటినాటి అంకెను కేవలము సాలుకు సాలు లెక్కగనే తీసికొని, ఆ తరగతికి తగిన వెలనే ఇచ్చుటకు బేరమాడుడు.